అక్క ఏరిన జత

మా బావ పోయాడని కుప్పం నుంచి కబురొచ్చిన పొద్దున నేను చేసిన మొదటి పని చెబితే మీరు నవ్వుతారు. చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళి ఎదురింటాయన కారు టైర్లు చూశాను. ముందరివి రెండూ అరిగిపోయి ఉన్నాయి. ఎడమది లోపలివైపు మరీ ఎక్కువ. అది చూశాక గానీ నాకు ఏడుపు రాలేదు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఆడేం సూస్తాండావు?" అని అడిగింది. ఏమని చెప్పను?

మనిషి పోతే మొహం గుర్తుకు రావాలి. నాకు మాత్రం వంగిన వీపు గుర్తుకొచ్చింది. ఎక్కడ కారు ఆగి ఉన్నా, బస్సు ఆగి ఉన్నా, చివరికి ఎద్దులబండికి టైరు చక్రాలు బిగించి ఉన్నా మా బావ దాని పక్కన గొంతుక్కూర్చునేవాడు. భుజం మీది తువ్వాలు తీసి మోకాళ్ళ మీద వేసుకునేవాడు. బొటనవేలితో రబ్బరు నొక్కేవాడు. ఇంటివాళ్ళు లోపలికి రమ్మని పిలుస్తూ ఉంటే, "వస్తాండా, వస్తాండా" అనేవాడే గానీ వచ్చేవాడు కాదు. బండిని పలకరించడం అయ్యాకే మనుషుల వంతు.

నా పెళ్ళిలో జరిగింది ఇప్పటికీ మా అత్తగారింట్లో చెప్పుకుంటారు. మదనపల్లె నుంచి వాయల్పాటికి తరలిపోవడానికి బస్సు మాట్లాడాం. నేను బాసికం కట్టుకుని సీట్లో కూర్చున్నాను. మేళగాళ్ళు ఎక్కేశారు. పెళ్ళికొడుక్కి బావగా నా పక్కన కూర్చోవలసిన మనిషి కనబడడే! చూస్తే వెనక చక్రం దగ్గర కూర్చుని ఉన్నాడు. లేచి వచ్చి, "దీనికి నూలు తేలుండాది. వాయల్పాడు చేరదు. ఆడోళ్లను దించండి" అన్నాడు. నూలు తేలడమంటే రబ్బరంతా అరిగి లోపలి దారాలు కనబడటం. డ్రైవరుకి కోపం వచ్చింది. మా నాయనకు అంతకంటే ఎక్కువ వచ్చింది. ఆడవాళ్ళందరూ దిగారు. ఇంకో టైరు ఎక్కడి నుంచి తెస్తారు? ఎక్కడా దొరకలేదు. మళ్ళీ అందరూ అదే బస్సు ఎక్కారు. ముహూర్తం తప్పుతుందని అందరూ గడియారాలు చూసుకుంటుండగా ఆ బస్సు మమ్మల్ని ఏ తంటా లేకుండా వాయల్పాడు చేర్చింది. దిగాక మా బావ ఆ చక్రాన్ని ఎగాదిగా చూసి, "సిగ్గులేని టైరు" అన్నాడు. పేలనందుకు ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు.

మా బావ పుంగనూరులో బాడుగ కారు నడిపేవాడు. కారు ఆయనదే. అలా అన్నానని కలిగినవాడు అనుకునేరు. మదనపల్లెలో ఎవరో వకీలు వాడి వాడి వదిలేసిన అంబాసిడర్ అది. మా అక్క కాపురానికి వచ్చేనాటికే ముసలిది. తలుపు వేయాలంటే ఒక పద్ధతి, తీయాలంటే ఇంకో పద్ధతి ఉండేవి. ఇంజను పోతే ఏదో ఒక మెకానిక్కు ఏదో ఒకటి అతికించేవాడు. టైర్లకు మాత్రం ఆ వీలు లేదు. అవి డబ్బు తింటూనే ఉండేవి.

డెబ్బైల నాటి మాట ఇది. కొత్త టైరు కొనడమంటే ఇంట్లో శుభకార్యం చేసినంత పని. డబ్బుండాలి. డబ్బుంటే సరుకుండాలి. సరుకుంటే దుకాణంవాడు మనమంటే ఇష్టపడాలి. మావంటివాళ్ళకు ఉన్నవి రెండే దారులు. బెంగుళూరులో పెద్దవాళ్ళ కార్లు వాడి పారేసిన టైరు తెచ్చుకోవడం ఒకటి. అరిగిపోయిన టైరుకు పైన కొత్త రబ్బరు ఎక్కించిన రీట్రేడింగు టైరు కొనడం రెండోది. ఉన్నవాటినే దేవుడి మీద భారం వేసి తిప్పడమని మూడో దారి కూడా ఉంది. మా బావ ఏడాదిలో ఎక్కువ కాలం ఈ మూడో దారిలోనే ఉండేవాడు.

ఎప్పుడూ నాలుగూ కలిపి కొన్నవాడు కాదు. ఒక్కొక్కటి ఒక్కో చోటి నుంచి వచ్చింది కాబట్టి ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టాడు. బెంగుళూరుది, డాక్టరుది, బస్టాండుది, దొంగది. ఆ చివరిది ఎవరో దొంగసరుకు అమ్మారని కాదు, ఎప్పుడు గాలి దిగిపోతుందో చెప్పకుండా దిగిపోతుందని ఆ పేరు. ఒకటి పోయి ఇంకొకటి వచ్చినా ఆ చోటికి అదే పేరు. మా అక్క వంటింట్లో నుంచే, "ఈ పొద్దు దొంగది ఎట్లుండాది?" అని అడిగేది. "నిద్దరపోతాండాది" అనేవాడు ఆయన.

"కొత్త టైరు పెండ్లికొడుకు మాదిరి రా. ముద్దుగా ఉంటాది, లోపల యేముందో తెలీదు. పాతది మొగుడి మాదిరి. యాడ పేలతాదో ముందే తెలిసుంటాది" అని నాతో అనేవాడు. మా అక్క వినేటట్టుగానే అనేవాడు. ఆమె చేతిలో గరిటె ఒకసారి గట్టిగా మోగించేది.

టైరు కొనాలంటే మదనపల్లె రావాలి. నేను అక్కడ బడిపంతులుగా ఉండేవాణ్ణి కాబట్టి నన్నూ వెంటబెట్టుకు పోయేవాడు. పాత టైర్ల దుకాణం ఒక సాయిబుది. ముసలాయన, గడ్డానికి గోరింటాకు పెట్టుకునేవాడు. లోపల ఇంట్లో వాళ్ళతో ఉర్దూ, బయట మాతో తెలుగు. మమ్మల్ని దూరాన చూస్తూనే మొదలుపెట్టేవాడు.

"ఏమప్పా, మళ్లా వస్తివా? పోయిన తూరి ఎత్తుకపోయింది ఏమాయె?"

"పాయె భాయ్."

"ఎట్ల పాయె? మంచి టైరు అప్పా అది."

"మంచిదే. అందుకే ముందు పాయె. సెడ్డయి మూడూ అట్లే ఉండాయి."

ఇక అక్కడి నుంచి తతంగం. మా బావ గొంతుక్కూర్చుని, తువ్వాలు ఒళ్ళో పరచుకుని, టైరును దాని మీదికి లాక్కునేవాడు. కుడిచెయ్యి లోపల పెట్టి కళ్ళు మూసుకునేవాడు. ఎడమచేత్తో టైరును మెల్లగా తిప్పుతూ ఉంటే కుడిచెయ్యి లోపలి గోడంతా తడుముతూ వచ్చేది. లోపల ఎక్కడైనా అతుకు ఉంటే చెయ్యి ఆగిపోయేది. "ఈడ ఒకటుండాది" అనేవాడు. తరువాత వేలి కణుపులతో తట్టి చెవి పెట్టేవాడు. ఆ తరువాత వాసన చూసేవాడు. "తింటావా ఏమప్పా?" అని సాయిబు నవ్వేవాడు. దుకాణంలో ఉన్నవన్నీ ఇలా తడిమి, తట్టి, మూచూసి, నాకు ఆకలి దంచేస్తున్న వేళకు ఒకటి పక్కకు తీసి పెట్టేవాడు. అది అన్నింటిలోకీ చవకది. ప్రతిసారీ అంతే. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకు తెలుసు, మేము వీధి మలుపు తిరిగేటప్పుడే సాయిబుకు తెలుసు.

ఒకసారి నాకు ఒళ్ళు మండి అడిగాను. "చవకదే కొనేటప్పుడు ఇంత యాగీ యాల బావా? వచ్చీ రాంగానే అది ఎత్తుకోని పోవచ్చు గదా?"

ఆయన టైరును దొర్లించుకుంటూ, "ఏంది కొంటాండామో తెలిసి కొనల్ల కదరా" అన్నాడు.

నాకు ఆ మాట మీద చాలాకాలం కోపం ఉండేది. తెలిసి కొంటే అరగడం మానుతుందా ఏమైనా?

ఇక మా అక్క సంగతి. చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చి తగ్గింది. తగ్గిందని మేము అనుకున్నాం. అది పోతూ పోతూ గుండె కవాటాన్ని పాడుచేసి పోయిందట. పెళ్ళయిన కొన్నేళ్ళకు మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. తరువాత బిందె ఎత్తితే, తరువాత గట్టిగా నవ్వితే ఆయాసం. మదనపల్లెలో మా డాక్టరు పరీక్ష చేసి, "వాల్వు సన్నబడింది. వేలూరు ఆసుపత్రికి తీసుకుపోతే దాన్ని వెడల్పు చేస్తారు. పిల్లల మాట తలపెట్టొద్దు. ఆలస్యం చేయొద్దు" అన్నాడు. బయటికి వచ్చి కారెక్కుతూ మా అక్క నా చెవిలో, "మీ బావ నన్ను గూడా రీట్రేడింగుకి తోల్తాడంట రా" అని నవ్వింది. నవ్వి, ఆయాసపడి, సీటు పట్టుకుని నిలబడింది.

ఆలస్యం చేయొద్దన్నాడు ఆయన. మా బతుకుల్లో ఆలస్యం ఒకరు చేసేది కాదు, అదే అయ్యేది. కారు తిరిగితేనే డబ్బు. టైర్లుంటేనే కారు తిరిగేది. వేలూరికని నాలుగు రాళ్ళు కూడబెట్టేసరికి బెంగుళూరుది పేలేది. మళ్ళీ కూడబెట్టేసరికి డాక్టరుది పోయేది. నా జీతంలో మిగిలిందేదో నేనూ ఇచ్చేవాణ్ణి. అదీ ఆ గోతిలోనే పడేది. టైరు కొనకపోతే కారు నిలబడిపోతుంది, కారు నిలబడితే మందులు ఆగిపోతాయి. ఏ వైపు లాగినా అదే ముడి.

"కారు అమ్మెయ్ బావా. అక్కను తీసుకోని పోదాం" అన్నాను ఒకసారి గట్టిగానే.

"అమ్మితే ఒకతూరి పోతాం రా వేలూరికి. మళ్లా మళ్లా పోవల్లంట. అప్పుడు యెట్ల పోదాం? మందులు యాడ్నుంచి వస్తాయి?"

జవాబు లేనప్పుడు నాకు కోపం ఇంకా ఎక్కువవుతుంది.

ఎనభైల మొదట్లో మా బావ ఒక ఉపాయం చేశాడు. పుంగనూరు స్టాండులో అప్పుడు నాలుగు కార్లు. నాలుగూ అంబాసిడర్లే, నాలుగింటి టైర్లూ చూడదగ్గట్టు లేవు. తిరుపతికో బెంగుళూరుకో మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్ళు ముందు టైర్లు చూసి, మళ్ళీ వస్తామని చెప్పి మదనపల్లె కార్ల దగ్గరికి పోయేవాళ్ళు. అప్పుడు మా బావ మిగతా ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాడు. "నలుగురం కలిసి ఒక కొత్త జత కొందాం. దూరం బాడుగ దొరికినోడు ఆ జత ఎక్కించుకోని పోవల్ల. వచ్చినాక విప్పి స్టాండులో పెట్టల్ల. ఊర్లో తిరగను మన పాతయి సాలు." ముందు ఎవరు బయానా తీసుకుంటే జత వాళ్ళది. అదే కట్టుబాటు. మన పర తేడా లేదు.

కొత్తవి ముందర బిగించాలా వెనక బిగించాలా అని ముగ్గురూ గొడవపడ్డారు. "ముందర పేలితే దేవుడు సూస్కోల్ల. ఎనక పేలితే మనం సూస్కోవచ్చు. కొత్తయి ముందరికే" అని మా బావ తేల్చేశాడు.

ఏరే పని ఆయనకే అప్పజెప్పారు. ఆ రోజే మా అక్కను డాక్టరుకు చూపించవలసి ఉంది కాబట్టి ఆమె కూడా మదనపల్లె వచ్చింది. కారు సాయిబు దుకాణం ముందు ఆపితే ఆమె దిగలేదు. వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుని చూస్తూ ఉంది. సాయిబు ఎక్కడి నుంచి తెప్పించాడో గానీ కొత్తవి రెండు జతలు తెచ్చి బయట పెట్టాడు. ధర రెండింటికీ ఒకటే. మా బావ గొంతుక్కూర్చున్నాడు. తువ్వాలు పరచుకున్నాడు. చెయ్యి లోపల పెట్టి కళ్ళు మూసుకున్నాడు. టైరు ఒక చుట్టు తిరిగింది, రెండు చుట్లు తిరిగింది. చెయ్యి ఎక్కడా ఆగలేదు. కళ్ళు తెరిచి నా వైపు చూశాడు.

"లోపల యేమీ లేదు రా" అన్నాడు.

అంతవరకు ఆ మనిషి కొత్త టైరు తడిమి ఎరగడు. అతుకును బట్టి, గాయాన్ని బట్టి ఏరడమే ఆయనకు తెలిసిన విద్య. ఏ గాయమూ లేనివి నాలుగు ముందు పెడితే దేన్ని పట్టుకుని ఏరాలి? రెండో జతా తడిమాడు. మొదటి జత మళ్ళీ తడిమాడు. సాయిబు బీడీ ముట్టించి, "ఏదైనా ఒకటేనప్పా" అన్నాడు. మా బావ వినలేదు. లేచి, రెండు జతల్లో నుంచీ ఒక్కొక్కటి దొర్లించుకుంటూ కారు దగ్గరికి తెచ్చి కిటికీ కింద నిలబెట్టాడు.

"మే, వీటిల్లో యేది సెప్పు."

మా అక్క చెయ్యి బయటికి చాపి ఒకదాని మీద అరచెయ్యి పెట్టింది. "ఇది."

"యాల?"

"యాలేముండాది? సేతికి బాగుండాది. నిన్ను మాత్రం సూసి సూసి ఒప్పుకున్న్యానా నేను?"

సాయిబు బీడీ పొగ గొంతులో పట్టుకుని దగ్గుతూ నవ్వాడు. మా బావ కూడా నవ్వాడు. ఆయన పళ్ళు కనబడేటట్టు నవ్వడం నేను చూసింది అప్పుడే. ఆ టైరు జతే తీసుకున్నాం. స్టాండులో దానికి వదినమ్మ జత అని పేరు పడిపోయింది. "వదినమ్మ జత ఎవురికాడ ఉండాది?" "తిరపతి పోయుండాది." ఇలా ఉండేవి మాటలు. మా అక్కకు ఇది చెబితే, "నేను పోకపోయినా నా జతన్నా ఊర్లన్నీ తిరుగుతాండాదిలే" అనేది.

ఆ జత వచ్చాక బాడుగలు పెరిగాయి. టైర్ల ఖర్చు తగ్గింది. డబ్బు కూడుతున్నట్టు కనబడింది. "ఈ పెండ్లిండ్లు కానీ. అయినాక వేలూరు" అన్నాడు మా బావ. మా ఇంట్లో నమ్మకం అనే మాట వినబడి ఎన్నాళ్ళయిందో. నేను కూడా నమ్మాను.

పెళ్ళిళ్ళ కాలం నడిమధ్యన మా అక్కకు ఒక్కసారిగా ముదిరింది. పడుకోలేకపోయింది, కూర్చున్నా ఊపిరి అందదు. దగ్గితే తెమడలో ఎరుపు. బడికి సెలవులు కావడంతో నేను పుంగనూరులోనే ఉన్నాను. ఊళ్ళో డాక్టరు వచ్చి చూసి సూది వేసి, "మదనపల్లె పోయినా ఇప్పుడు చేసేదేమీ లేదు. నేరుగా వేలూరుకే పోండి. బస్సులో వద్దు" అన్నాడు.

మా బావ స్టాండుకు పరుగెత్తాడు. నేనూ వెనకే పోయాను. వదినమ్మ జత లేదు. చౌడేపల్లె కుర్రవాడొకడు స్టాండులో అందరికంటే చిన్న డ్రైవరు. కుప్పంలో పెళ్ళికి మగపెళ్ళివారిని తీసుకుని ముందురోజే పోయాడు. ఆ జత బిగించుకునే పోయాడు. బయానా వాడే తీసుకున్నాడు, కట్టుబాటు ప్రకారమే పోయాడు. ఎవర్ని ఏమనేది? మిగిలిన డ్రైవర్లిద్దరూ అడక్కుండానే జాకీలు పెట్టి తమ చక్రాల్లో మేలైనవి విప్పి మా బావ ముందు పెట్టారు. ఆయన వాటిని తడిమి చూశాడు. ఒకదాన్ని డిక్కీలో స్టెప్నీగా పెట్టుకుని, రెండోదాన్ని వెనక్కి ఇచ్చేసి, "ఇది నాదానికన్నా సెడిపోయుండాది నాయినా. బిగించుకో" అన్నాడు.

ఎండ ఎక్కే వేళకు బయలుదేరాం. మా అక్కను వెనక దిండ్లు ఆనించి కూర్చోబెట్టి పక్కన మా పెద్దమ్మను పెట్టాం. నేను ముందు కూర్చున్నాను. మా బావ తల కిటికీ వైపు వంచి నడుపుతున్నాడు. దారి కంటే చక్రాల చప్పుడు మీద ఆయన ధ్యాస. కాస్త దూరం పోగానే, "బెంగుళూరుది ఎట్లుండాది సూడు" అనేవాడు. నేను కిటికీలో నుంచి వంగి చూసి బాగుందని చెప్పేవాణ్ణి. బాగుండటానికి అందులో ఏముంది? గుండు మాదిరి నున్నగా ఉంది.

"నా జత యాడ పోయింది?" అని వెనక నుంచి అడిగింది మా అక్క. మాటకు మాటకు మధ్య ఊపిరి తీసుకుంటూ అడిగింది.

మా బావ గేరు మార్చాడు. నేనే చెప్పాను. "కుప్పం పోయిందక్కా."

"యేంటికి?"

"పెండ్లికి."

"మంచిదే" అంది. ఊపిరి కూడదీసుకుని, "ఎందుకంత మెల్లగా తోల్తాండావు? తోలు. నేనేమీ పగిలిపోను" అంది.

పలమనేరు దాటాం. మొగిలి ఘాటు దిగుతుంటే నేను నా ఇష్టదేవతలందరికీ మొక్కుకున్నాను. ఒక పక్క లోయ, ఎదురుగా లారీలు, కింద మరిగే రోడ్డు. ముందర పేలితే దేవుడు చూసుకోవాలని ఆయనే కదా చెప్పింది. ముందర ఉన్నవి బస్టాండుదీ దొంగదీ. దిగడం అయింది. చిత్తూరు వచ్చింది. దొంగదానికి గాలి కూడా దిగలేదు. పొద్దు గూకకముందే వేలూరు ఆసుపత్రి గేటు ముందు ఆగాం. ఒక్క టైరూ పేలలేదు. స్టెప్నీ డిక్కీలో నుంచి బయటికి రాలేదు.

లోపల డాక్టర్లు చూడవలసినంతా చూశారు. ఊపిరితిత్తులు పాడైపోయాయి, ఇప్పుడు కోసే స్థితి దాటిపోయింది, ఒకటి రెండేళ్ళ ముందు వచ్చి ఉండవలసింది అన్నారు. ఈ పొద్దు కాస్త ముందుగా వచ్చి ఉంటేనో అని మా బావ అడిగాడు. దానికీ దీనికీ సంబంధం లేదని, ఈ రోజు మట్టుకు మీరు మంచి టైముకే తెచ్చారని వాళ్ళు నెమ్మదిగా చెప్పారు. ఆ వారంలోనే మా అక్క పోయింది. ఆమెను అదే కారులో, అవే టైర్ల మీద తెచ్చుకున్నాం. అప్పుడూ ఏదీ పేలలేదు.

మట్టి చేసి వచ్చేసరికి చౌడేపల్లె వాడు జతను తెచ్చి మా బావ ఇంటి గోడకు ఆనించి, పక్కన నిలబడి ఏడుస్తున్నాడు. "అన్నా, తెలిసింటే పొయ్యేవాడినా?" అన్నాడు. మా బావ గొంతుక్కూర్చున్నాడు. తువ్వాలు అప్పటికే తడిసి ఉంది, దాన్నే మోకాళ్ళ మీద వేసుకున్నాడు. టైరును తిప్పుతూ తడిమి, గాడిలో ఇరుక్కున్న గులకరాయిని గోటితో పెకలించి పారేశాడు. "ముల్లేమీ ఇరగలేదు. బాగుండాయి. స్టాండులో పెట్టు పో. రేపు ఎవురికో తిరపతి బాడుగ ఉండాది కదా" అన్నాడు.

నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. ఆ ఇంట్లో అన్నం తినకుండా మదనపల్లె బస్సు ఎక్కాను.

తరువాత స్టాండులో వాళ్ళు చెప్పారు. వదినమ్మ జతను మా బావ ఇంకెప్పుడూ తన కారుకు బిగించలేదట. దూరం బాడుగ వస్తే ఇంకొకరికి ఇచ్చేసేవాడు. అలా ఇచ్చుకుంటూ పోతే ఏం మిగులుతుంది? కొన్నాళ్ళకు పుంగనూరు వదిలి కుప్పం పోయి స్టేషను బయట కారు పెట్టుకున్నాడు. రైలు దిగినవాళ్ళను ఊళ్ళో ఇళ్ళ దగ్గర దించే చిన్న బాడుగలు. ఆ పొద్దు జత పెళ్ళికి పోయిన ఊరికే ఈయన ఎందుకు పోయాడని నేను చాలాసార్లు అనుకున్నాను. అడగలేదు.

పరీక్షల డ్యూటీ మీద కుప్పం పోయినప్పుడు ఒక సాయంత్రం స్టేషను దగ్గరికి వెళ్ళాను. ఎవరిదో లారీ పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. వీపు చూసే గుర్తుపట్టాను. టీ తాగాం. తల నెరిసిపోయింది, పళ్ళు కొన్ని లేవు. ఊరి సంగతులు అయ్యాయి. ఇక నా వల్ల కాలేదు.

"ఆ జత యాల నీకాడ పెట్టుకోలేదు బావా? ఆ జత పెట్టించింది నువ్వు. ఏరింది అక్క. అక్కకు ఒంట్లో బాగలేదని తెలుసు నీకు. కట్టుబాటంట కట్టుబాటు. ఎవురి కోసరం?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఆ జత ఉన్న్యా అదే టయానికి పోయుండేవాళ్లం రా. వేలూరు డాక్టరు సెప్పినాడు కదా, మంచి టయానికే తెచ్చినారని." భుజం మీది తువ్వాలు తీసి మోకాళ్ళ మీద వేసుకున్నాడు. "నేను ఏరి ఏరి తెచ్చినయన్నీ ఏదో ఒక పొద్దు నడిదావలో నన్ను ఇడిసిపెట్టినాయి. ఆ పొద్దు మాత్రం ఒక్కటీ ఇడిసిపెట్టలా. ఒక్కటి పేలుండాల్సింది రా. ఒక్కటన్నా. దాని మింద యేసి, దాన్ని తిట్టుకోని బతికేవాణ్ణి."

ఆయన లేచి నా గ్లాసు కూడా తీసుకుపోయి కొట్లో ఇచ్చాడు. ఆ తరువాత ఆయన్ను నేను చూడలేదు.

కబురు విని నేను కుప్పం చేరేటప్పటికి స్టేషను దగ్గరి డ్రైవర్లే అన్నీ చూసి ఉంచారు. ఆయన కారు ఎప్పుడో తుక్కు కింద పోయిందట. ఆఖరి రోజుల్లో ఇంకొకరి బండి కడిగి పెడుతూ ఉండేవాడట. పుంగనూరులో మా అక్క పక్కన పెడదామని, శవాన్ని తీసుకుపోవడానికి అక్కడే ఒక కారు మాట్లాడాను. పడుచువాడే డ్రైవరు. ఎక్కబోతూ, నాకు తెలియకుండానే ముందు చక్రం దగ్గర వంగి బొటనవేలితో నొక్కాను. నున్నగా ఉంది. ఒక చోట నూలు తేలి ఉంది.

"ఏం కాదు సార్. పోతాది" అన్నాడు డ్రైవరు, కాస్త నామోషీగా.

"పోనీ" అన్నాను.

మా బావను వెనక పడుకోబెట్టి నేను ముందు కూర్చున్నాను. ఎండ బాగా కాస్తోంది. వి.కోట దాటాం. పలమనేరు దాటాక దారి మరీ గుంతలు. డ్రైవరు మెల్లగా పోబోతే, తోలమని చెప్పాను. కిటికీ అద్దం దించి, తల బయటికి వంచి, చక్రాల చప్పుడు వింటూ కూర్చున్నాను. ఒక్కటన్నా పేలుతుందేమోనని ప్రతి గుంత దగ్గరా చూశాను. ఒక్కటీ పేలలేదు. పుంగనూరు వచ్చేసింది.